కలలో పోసిన ఆయిలు

మీకు చెప్పబోయే సంగతి నా కడుపులో పడి చాలా ఏళ్లయింది. మా ఆవిడకు తెలియదు. నాకు పని నేర్పిన గురువుగారికి చెబుదాం చెబుదాం అనుకుంటుండగానే ఆయన పోయాడు. ఎవరికి చెప్పాలో ఆ మనిషికి మొన్న ఎండాకాలంలో చెప్పాను. చెప్పినా బరువు దిగలేదు. ఎందుకు దిగలేదో మీకే తెలుస్తుంది. ముందు నన్ను వరసలో చెప్పనివ్వండి. మధ్యమధ్య ఆగితే ఏమీ అనుకోకండి. ఈ విషయం దగ్గర ఆగిపోవడం నాకు అలవాటైపోయింది.

నేను మెకానిక్కుని. ప్రత్తిపాడు దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు నాది. పేరు రాయడం లేదు. అది పిరికితనమని తెలుసు. తెలిసే రాయడం లేదు.

పాత జీపులు నా పని. నాలుగు చక్రాలకూ పవర్ అందే జీపులు ఒకప్పుడు మా వైపు చాలా ఉండేవి. మాది నల్లరేగడి. ఎండలో పగుళ్లిచ్చి రాయిలా ఉండే నేల ఒక్క వానకే జిగురైపోతుంది. మనిషి కాలి చెప్పులు లాగేసుకుంటుంది, ట్రాక్టరు చక్రాన్ని చుట్టేసి కదలనివ్వదు. పత్తి చేలోంచి మూటలు బయటికి రావాలన్నా, మిరప కల్లం దాకా కూలీలు వెళ్లాలన్నా అలాంటి బండే దిక్కు.

గేర్‌బాక్సు కూత పట్టడంలో నాకు పేరుంది. బండి కూస్తోందయ్యా అని తెస్తారు. విప్పమంటారు. నేను విప్పను. పక్క సీట్లో కూర్చుని కళ్లు మూసుకుంటాను, తోలమంటాను. క్లచ్ తొక్కగానే కూత ఆగిందంటే ముందు బేరింగు. మూడో గేరులో పాడి, నాలుగులో ఊరుకుందంటే కింది షాఫ్టు. యాక్సిలరేటరు మీంచి కాలు తీసినప్పుడు మాత్రమే ఏడిచిందంటే అసలు గేర్‌బాక్సు కాదు, వెనక యాక్సిలు. బండి నిలబడి ఉన్నప్పుడు చప్పుడు లేకుండా, కదిలాక ఏ గేరులోనైనా చక్రంతో పాటు పెరుగుతూ పోయిందంటే గేర్‌బాక్సు వెనకాల ఉండే రెండో పెట్టె. నాలుగు చక్రాలకూ పవర్ పంచేది ఆ పెట్టే. దానికి ఆయిలు వేరు. గేర్‌బాక్సులో పోసింది దాన్లోకి రాదు. దానికి విడిగా పోయాలి. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మిగతాది మర్చిపోయినా ఫర్వాలేదు.

కళ్లు మూసుకుని కూత వింటుంటే నాకు ఒక రకమైన మత్తు వచ్చేది. ఇనుము పాట. దూరంగా ఎవరో పసిబిడ్డని జోకొడుతున్నట్టు ఉండేది ఒక్కో బండి. ఇంకోటి ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నట్టు. రోడ్డు పక్క తుమ్మకొమ్మలకు పత్తి పింజలు చిక్కుకుని ఉండేవి, చేల మధ్య కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉండేవి. కళ్లు మూసుకున్నా ఆ ఎరుపు రెప్పల్లోంచి లోపలికి వచ్చేది. ఆ ఎరుపులో తేలుతూ, ఇదిగో ఇక్కడ, అని వేలు పెట్టి చూపేవాణ్ణి. విప్పితే అదే ఉండేది. ‘మేస్త్రీ చెవి’ అని నా చెవికే పేరు పెట్టారు. మనిషికి అలాంటి పేరు రాకూడదు. వస్తే దాన్ని కాపాడుకోవాలనిపిస్తుంది.

ఇప్పుడు నాగూర్ సంగతి.

నాగూర్ రామకోటయ్యగారి జీపు డ్రైవరు. రామకోటయ్యగారు మా పక్క ఊళ్లో మిరప, పత్తి వేసే రైతు. మాట మెత్తన, మనిషి గట్టి. నాగూర్ నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అనేవాడు. వాళ్ల నాన్న దూదేకేవాడు. నాగూర్‌కి చిన్నప్పటి నుంచీ బళ్ల మీదే ప్రాణం. అతను తోలుతుంటే పక్కన కూర్చోవడం ఒక సుఖం. గుంత వస్తోందని మనకు తెలిసేలోపే దాటిపోయేది. ఒకసారి రామకోటయ్యగారి తల్లిని ఆపరేషనయ్యాక గుంటూరు నుంచి తీసుకొచ్చాడు. ముసలావిడ ఇల్లు వచ్చిందాకా నిద్ర లేవలేదట. కోడలు లేపితే, అప్పుడే వచ్చామా అందట. ఆ మాట చెప్పుకుని నాగూర్ మురిసిపోయేవాడు.

చేలల్లోంచి బయటికొచ్చి తారురోడ్డెక్కే చోట బండి ఆపి, ముందు చక్రాలకు పవర్ ఇచ్చే చిన్న రాడ్డుని వెనక్కి తీసేవాడు. తీశాక దాని మీద అరచేయి ఒకసారి ఆనించేవాడు, తీశానా అని చూసుకున్నట్టు. ఎందుకంటే తారు మీద నాలుగు చక్రాలూ కలిపి తోలకూడదు. మట్టిలో చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు. ఆ పెనుగులాటంతా పెట్టె లోపలి గేరు పళ్ల మీద పడుతుంది. ఇది అతనికి చెప్పింది నేనే.

ఆ చలికాలంలో జీపు కూస్తోందని తెచ్చాడు. విన్నాను. ముందు బేరింగన్నాను. దించితే బేరింగే. గేర్‌బాక్సు, వెనకాల రెండో పెట్టె, రెండూ దించి, పాత ఆయిలు వంపేసి, కడిగి, కొత్త బేరింగులు వేసి మళ్లీ ఎక్కించాను. గేర్‌బాక్సులో ఆయిలు పోశాను. అప్పటికి అన్నం వేళయింది. తిని వచ్చి రెండో పెట్టెకి పోద్దామనుకున్నాను.

తిని వచ్చాను. బండి కింద గోతాం పరుచుకుని పడుకున్నాను, ఆయిలు డబ్బా పక్కనే పెట్టుకుని. షెడ్డు వెనక కల్లంలో ఆడవాళ్లు రంగు పోయిన తాలుకాయ ఏరుతూ ఏదో మాట్లాడుకుంటున్నారు. ఆ మాటలు దగ్గరగా వచ్చి, దూరంగా పోయి, మళ్లీ దగ్గరగా వచ్చి. గాలిలో మిరప ఘాటు. కళ్లు మూతలు పడ్డాయి.

కలలో ఆయిలు పోశాను.

నిజం చెబుతున్నాను. డబ్బా వంచాను. తేనె రంగు తీగలా సన్నగా, తెగకుండా పడుతోంది. అది పడుతుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పెట్టె నిండింది. నిండి, రంధ్రం అంచున ఒక చుక్క నిలబడి, నా మణికట్టు మీద పడింది. చాల్లే అనుకున్నాను. మెలకువ వచ్చేసరికి మణికట్టు తడిగా ఉంది. చెమట అయ్యుంటుంది. చేతిలో స్పానరు ఉంది. బోల్టు బిగించాను. బయటికి దొర్లి వచ్చి, పనైపోయిందని నాగూర్‌కి కబురు పెట్టాను.

ఇది కలేనా? తర్వాత నన్ను నేను చాలాసార్లు అడిగాను. మర్చిపోయిన మనిషి తన మరుపుకి అందమైన కారణం కావాలని తర్వాత ఈ కల అల్లుకున్నాడా? తెలియదు. పని చేస్తున్నట్టు కలలొచ్చే మనిషిని నేను, ఆ మాట మాత్రం నిజం. కానీ డబ్బా బరువు చూసినా తెలిసేది. చూడలేదు. మెలకువలో చేసిన ఏ పనీ నాకు ఆ తేనె రంగు తీగంత స్పష్టంగా గుర్తులేదు. అందుకే నమ్మాను.

కొన్నాళ్లకు నాగూర్ వచ్చాడు. ‘‘అన్నా, సన్నగా కూస్తోంది. కదిలినాకే వస్తోంది, ఏ గేర్లో అయినా.’’

చూశారా. నేను మీకు ఇందాక చెప్పిన మాటే అతను నాకు చెప్పాడు. రెండో పెట్టె అని వేరే చెప్పక్కర్లేదు. నేను లేచి పక్క సీట్లో కూర్చుంటే చాలు. కళ్లు మూసుకుంటే చాలు. కూర్చోలేదు. వేరే బండి పనిలో ఉన్నాను, చేతులు మురికిగా ఉన్నాయి అని చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. నేను చేసిన పని మీద నేనే చెవి పెట్టాలా అనిపించింది. కొత్త బేరింగులు కదా, సర్దుకుంటాయిలే అన్నాను. అతను సరేనన్నా అని వెళ్లాడు. నా మాట మీద అతనికి అంత గురి.

ఆ తర్వాత అకాల వాన వచ్చింది. మిరప పండించే ఊళ్లలో ఆ మాట పైకి అనరు. కల్లాల్లో కాయ ఎండుతూ ఉంది. మబ్బు పట్టింది. కాయ మీద కప్పే పట్టలు ఊళ్లో ఇంటి దగ్గర ఉన్నాయి, కల్లాలు చేలల్లో దూరంగా ఉన్నాయి. రామకోటయ్యగారివే కాదు, చుట్టుపక్కల వాళ్ల పట్టలు కూడా ఎక్కించుకుని నాగూర్ బయల్దేరాడు. అతను కౌలుకి వేసిన కాస్త మిరప కూడా ఆ పక్కనే ఆరబోసి ఉంది. చినుకులు మొదలయ్యాయి. డొంకలో సగం దూరం పోయాక కూత అరుపైందట. అరుపు ఆగి, లోపల ఏదో పట్టేసిందట. చక్రాలు బిగుసుకుపోయాయి. నాగూర్ ఒక పట్ట నెత్తిన పెట్టుకుని బురదలో పరిగెత్తాడు. చెప్పులు బురదే తీసుకుంది. రామకోటయ్యగారి కల్లం మీద దాన్ని కప్పాడు, రెండోదానికి వెనక్కి పరిగెత్తాడు. అతను తిరిగి వచ్చేసరికి కాయ నీళ్లలో తేలుతోంది. తడిసిన మిరప మళ్లీ ఎండినా ఎరుపు రాదు. తెల్లబోతుంది, బూజు పడుతుంది. ఆ ఏడు నాలుగైదు ఇళ్ల కాయ అలా పోయింది. నాగూర్‌ది మొత్తం పోయింది.

మర్నాడు ట్రాక్టరుకి కట్టి జీపుని నా షెడ్డుకి లాక్కొచ్చారు.

నేను బండి కిందికి దూరాను. రెండో పెట్టె కింది బోల్టు విప్పాను. ఆయిలు ధారగా పడాలి. మాడిన వాసనతో నల్లటి చుక్కలు కాసిని రాలి ఆగిపోయాయి. పెట్టె బయట చేత్తో తడిమాను. కారిన జిడ్డు లేదు. కారిపోలేదంటే పోయలేదు. అంతే. ఒక్క క్షణంలో ఆ గోతాం, ఆ ఆడవాళ్ల మాటలు, మణికట్టు మీద చుక్క, అన్నీ వచ్చాయి. వెల్లకిలా పడుకుని ఆ ఇనుప పెట్టె వంక చూస్తూ ఉండిపోయాను. అదీ నా వంక చూస్తున్నట్టే ఉంది.

బండి కింద నుంచి నాకు వాళ్ల ముఖాలు కనిపించలేదు. పాదాలు కనిపించాయి. రామకోటయ్యగారి తోలు చెప్పులు, అంచుల్లో ఎండిన రేగడి. పక్కన నాగూర్ పాదాలు. ఉత్తికాళ్లు. మడమ దగ్గర చీరుకుపోయి ఉంది. ఆ వెనక ఊరివాళ్లు ఇంకొందరివి.

‘‘ఏంది మేస్త్రీ, ఏమైంది?’’ అన్నారు రామకోటయ్యగారు.

చెప్పొచ్చు. ఆయిలు పోయడం మర్చిపోయానండి. మూడు మాటలు. నోట్లోనే ఉన్నాయి. వచ్చిన మాట వేరే.

‘‘ఫోర్ వీల్లో పెట్టి తార్రోడ్డు మీద తోల్తే ఇట్టాగే అయిద్దండి.’’

అది అబద్ధం కాదు. గమనించండి. తోలితే అలాగే అవుతుంది. నేను నాగూర్ తోలాడనలేదు. ఏళ్ల తరబడి ఆ సందులోనే దాక్కున్నాను. కానీ ఆ మాట అన్నప్పుడు నేను ఏం చేస్తున్నానో నాకు తెలుసు. పాదాలు కదలడం చూశాను. రామకోటయ్యగారి చెప్పులు నాగూర్ వైపు తిరిగాయి.

‘‘తోలావా నాగూరూ?’’

‘‘లేదండి. తారెక్కే ముందు రాడ్డు తీస్తానండి.’’

‘‘ప్రతిసారీ తీశావా?’’

‘‘తీసే ఉంటానండి.’’

తీస్తాను అన్నవాడు తీసే ఉంటాను అన్నాడు. ఆ రెండు మాటల మధ్య ఏదో విరిగింది. నేను విన్నాను. ‘మేస్త్రీ చెవి’ కదా. నాగూర్ గొంతుక్కూర్చున్నాడు, తల వంచి బండి కిందికి చూశాడు. అతని ముఖం పక్కకి వాలి, నా ముఖానికి దగ్గరగా వచ్చింది. కోపం లేదు. అడుగుతున్నాడు, అంతే. డాక్టరుని అడిగినట్టు.

‘‘అన్నా, నేను తియ్యలేదంటావా?’’

‘‘ఒక్కోసారి మనకి తెలవకుండానే మర్చిపోతాం రా,’’ అన్నాను.

అది కూడా నిజమే. నా గురించి నేను చెప్పుకున్న నిజం. దాన్ని అతని చేతిలో పెట్టాను.

నాగూర్ లేచి నిలబడ్డాడు. అతని కాలివేళ్లు ముడుచుకున్నాయి, మళ్లీ విచ్చుకున్నాయి. ‘‘ఏమోనండి,’’ అన్నాడు. ‘‘పొద్దుపొద్దున్నే నిద్రమత్తులో ఎప్పుడన్నా తియ్యలేదేమో.’’

రామకోటయ్యగారు తిట్టలేదు. తిడితే బాగుండేది. సరేలే, జరిగిందేదో జరిగిందన్నారు. బండి తాళం ఇంట్లో ఇచ్చేయమన్నారు, ఇక తోలొద్దని. ఊరివాళ్లు కూడా పెద్దగా ఏమీ అనలేదు. ఒకాయన మాత్రం, నాలుగిళ్ల కాయ పోయింది గదరా అన్నాడు. ఆ పాదాలన్నీ ఒక్కటొక్కటే వెళ్లిపోయాయి. నాగూర్‌వి చివర.

అప్పటికైనా బయటికి వచ్చి అతన్ని వెనక్కి పిలవొచ్చు. పిలవలేదు. ఇంకో పని చేశాను. మొదటిది మరుపు, రెండోది నోరు జారడం అని ఎవరైనా జాలిపడి అనవచ్చు. దీన్ని ఎవరూ అలా అనలేరు. అందరూ వెళ్లాక పెట్టె విప్పాను. పళ్లు వేడికి నీలంగా మాడి ఉన్నాయి. ఎవరైనా తెలిసినవాడు చూస్తే ఎండిపోయి కాలిందని ఇట్టే చెబుతాడు. డబ్బా తెచ్చి ఆ పళ్ల మీద ఆయిలు పోశాను. తేనె రంగు తీగ. తెగకుండా పడింది. కలలో పోసిన ఆయిలు అప్పుడు నిజంగా పోశాను.

కొత్త పళ్లు వేసి బండి బాగుచేశాను. కూత లేకుండా నడిచింది. రామకోటయ్యగారు నా చెవిని నలుగురిలో మెచ్చుకున్నారు.

ఇక నాగూర్. అతనికి పని దొరకకపోలేదు. అది మీరు తెలుసుకోవాలి. ట్రాక్టరుకి రమ్మన్నారు, గుంటూరులో లారీకి రమ్మన్నారు. అతనే వెళ్లలేదు. మొదట్లో ఒకసారి ఎవరిదో ట్రాక్టరు ఎక్కాడు. కాస్త దూరం తోలి దిగిపోయాడట. ఏమైందిరా అని నేనడిగితే, ‘‘గేరు వేశానో లేదో తెలియట్లేదన్నా, చూసుకుంటే వేసే ఉంటోంది, మళ్లీ చూసుకోవాలనిపిస్తోంది’’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ తర్వాత మళ్లీ స్టీరింగు పట్టలేదు. మిరప యార్డులో బస్తాలు మోశాడు. మోకాళ్లు అరిగాక, గుంటూరు రోడ్డులో ఒక కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు.

నాతో స్నేహం మానలేదు. అదే నాకు పెద్ద శిక్ష అని రాయాలని ఉంది, కానీ అది కూడా డాంబికమే. శిక్ష ఏమీ కాదు. పండక్కి సేమియా తెచ్చేవాడు, నేను తినేవాణ్ణి. షెడ్డులో బల్ల మీద కూర్చుని వచ్చే పోయే బళ్ల చప్పుడు వినేవాడు. నేను పని చేసుకునేవాణ్ణి. మామూలుగానే బతికాం. అలా మామూలుగా బతకగలిగానే అన్నది ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది. పగలు కునుకు పట్టినప్పుడు మాత్రం ఒక కూత వినిపించేది. దూరంగా మొదలై, కల్లాల ఎరుపులోంచి వచ్చి, నా పేరులా మారి, మెలకువ రాగానే పోయేది. ఏ బండిదో ఎప్పటికీ పట్టలేకపోయాను. పట్టలేకపోయానా? పట్టదలుచుకోలేదా?

నాగూర్ కూతురు జరీనా. వాళ్ల నాన్నకి బళ్ల మీదున్న ప్రాణం ఆ పిల్లకి వచ్చింది. ఇంటరయ్యాక బండి నేర్చుకుంటానని పట్టుపట్టింది. నాగూర్ ఆమెను నా దగ్గరికి తీసుకొచ్చాడు.

‘‘నువ్వు నేర్పన్నా,’’ అన్నాడు. ‘‘నేను నేర్పకూడదు. నా చేతులు మంచివి కావు.’’

ఈ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, నాకు షుగరుంది అన్నట్టు అన్నాడు. నేను ఏమన్నానో తెలుసా? సరే పంపించు అన్నాను. షెడ్డు పక్క ఖాళీ స్థలంలో ఆ పిల్లకి నేర్పాను. నాగూర్ రోడ్డవతల వేపచెట్టు కింద నిలబడేవాడు, ఇటు చూడకుండా. ఆమె మలుపు తిప్పే తీరు, గుంతని ముందే పసిగట్టే తీరు, అంతా అతనిదే. నేను నేర్పింది తక్కువ. ఇప్పుడు ఆమెకి సొంతంగా చిన్న సరుకుల బండి ఉంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి మిరప టిక్కీలు, అదే బస్తాలు, కోల్డ్ స్టోరేజీలకి తోలుతుంది. ఆమె బండి ఎక్కమంటే నాగూర్ వెనకే కూర్చుంటాడట, బస్తాల మీద. ముందు సీటులో గేరు రాడ్డు చేతికి అందుతుందని.

ఆ ముక్క నాకు జరీనానే చెప్పింది, నవ్వుకుంటూ. మా నాన్న చాదస్తం చూడు పెదనాన్నా అని. మొన్న ఎండాకాలంలో, ఆ మాట విన్న కొన్నాళ్లకు, నాగూర్ దగ్గరికి వెళ్లాను.

మిట్టమధ్యాహ్నం. కోల్డ్ స్టోరేజీ ముందు బళ్లు వరసలో ఉన్నాయి. గాలంతా మిరప ధూళి, వచ్చిన వాళ్లందరూ తుమ్ముతున్నారు. నాగూర్‌కి అలవాటైపోయింది, తుమ్మడు. గేటు పక్క నీడలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ నాకు వేసి, తను సిమెంటు దిమ్మె మీద కూర్చున్నాడు. జరీనా బండి వరసలో ఉంది. ఆమె చెంబుతో మంచినీళ్లు తెచ్చి అక్కడే నిలబడింది. ఆమెని వెళ్లమనలేదు. ఆగితే ఇక చెప్పలేను.

చెప్పాను. గోతాం దగ్గర నుంచి చెప్పాను. ఆయిలు పోయలేదని, బోల్టు విప్పినప్పుడే నాకు తెలిసిపోయిందని, తెలిసే ఆ మాటన్నానని, తర్వాత మాడిన పళ్ల మీద ఆయిలు పోశానని. అతని ముఖం చూస్తూ చెప్పాను. ఈసారి ముఖం చూడాలనుకునే వెళ్లాను.

అంతా విన్నాడు. నీళ్లు తాగమన్నాడు. తర్వాత మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

‘‘కాదన్నా. నేనే తియ్యలా.’’

‘‘తీశావురా. నీ తప్పేం లేదు. నేను చెప్తున్నా గదా.’’

‘‘నాకు గుర్తుందన్నా. ఆ పొద్దున మంచు పట్టింది. తారెక్కే చోట పత్తి లారీ ఎదురొచ్చింది. రాడ్డు మీద చెయ్యేశా. లారీవోడు హారన్ కొట్టాడు. చెయ్యి తీసేసి స్టీరింగు తిప్పా. అట్టాగే వెళ్లిపోయా. కళ్లకి కట్టినట్టు కనపడుద్ది నాకు. లారీ మీద పత్తి ఎగురుతా ఉంది.’’

మంచు, లారీ, హారన్, ఎగిరే పత్తి. అలాంటి పొద్దు ఎప్పుడూ జరగలేదు. జరిగి ఉన్నా, ఆ పెట్టె మాడింది అందుకు కాదు. అతను దాన్ని ఇన్నేళ్లుగా రోజూ చూసి చూసి నిజం చేసుకున్నాడు. కారణం లేని తప్పుతో బతకడం కష్టం. అందుకని తనకో కారణం తయారుచేసుకున్నాడు. దాన్ని నేనిప్పుడు ఎలా లాగేది? ఏ స్పానరుతో విప్పేది?

‘‘నువ్వు మంచోడివన్నా,’’ అన్నాడు నాగూర్. ‘‘వయసు మీద పడే కొద్దీ నా మీద జాలి ఎక్కువైంది నీకు.’’ నా మోకాలి మీద చెయ్యి వేశాడు. మంచిది కాదని తను అనుకున్న చెయ్యి.

ఎవరో గేటు తీయమంటే లేచి వెళ్లాడు. నేను బయటికి నడిచాను. జరీనా నా వెంట వచ్చింది. ఆమె బండి దాకా ఇద్దరం మాట్లాడలేదు.

‘‘నిజమేనా పెదనాన్నా?’’

‘‘నిజమేనమ్మా.’’

ఆమె చున్నీ అంచుతో ముఖం తుడుచుకుంది. చెమటో, మిరప ఘాటో, ఏడుపో నాకు తెలియలేదు. ‘‘నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా నాన్న తలుపు గడియ పెట్టి మూడుసార్లు చూసుకుంటాడు,’’ అంది. కోపంగా అనలేదు. చాలాసేపు అక్కడే నిలబడి, తర్వాత అంది, ‘‘ఆయన ఇంక నమ్మడు. నువ్వు ఆయనకి చెప్పడం కాదు. అప్పుడు ఎవరి ముందు అన్నావో వాళ్ల ముందు చెప్పు.’’

బండెక్కి వెళ్లిపోయింది. అప్పటి నుంచి మళ్లీ నా షెడ్డుకి రాలేదు. బండి పని ఉంటే గుంటూరులోనే చేయించుకుంటోందట. నాగూర్ మాత్రం వస్తూనే ఉన్నాడు. మొన్న కూడా వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

రామకోటయ్యగారు ఉన్నారు. పెద్దవారయ్యారు, అరుగు మీద పడక్కుర్చీలో పడుకుని ఉంటారు. వాళ్ల వీధి దాకా వెళ్లాను. మలుపు తిరగలేదు. ఇంకోసారి వెళ్లాను. ఆయన నన్ను చూసి చెయ్యెత్తి పలకరించారు, బాగున్నావా మేస్త్రీ అని. బాగున్నానండి అని వచ్చేశాను. ఆ రోజు నా షెడ్డులో నిలబడిన పాదాల్లో కొన్ని ఇప్పుడు లేవు. మిగిలిన వాళ్లు ఎవరెవరో నాకు తెలుసు. రోజూ కనిపిస్తారు. కొందరు నాకు దండం పెడతారు.

అందుకని మీకు చెబుతున్నాను. మీరు ఆ రోజు అక్కడ లేరు. మీ దగ్గర నాకు పేరు లేదు, పోయేదేమీ లేదు. సులువైన చోటే చెప్పుకుంటున్నాను. జరీనా అడిగింది ఇది కాదు. నాకు తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు, నాగూర్ క్షమిద్దామన్నా అతనికి అందులో నా తప్పే కనిపించడం లేదు. కానీ ఇంతవరకూ రాసేసరికి ఛాతీలో ఏదో కాస్త వదులైంది. బోల్టు ఒక మర తిరిగినట్టు. అంతకంటే ఎక్కువ కాదు.

ఒక్క మాట మాత్రం ఎక్కడో ఒకచోట ఉండాలి, నేను పోయాక కూడా. నాగూర్ ఒప్పుకోకపోయినా, ఊరు నన్ను అడగకపోయినా. ఆ బండిలో ఆయిలు పోయనిది నేను. నాగూర్ తారురోడ్డెక్కే ముందు రాడ్డు తీశాడు. ప్రతిసారీ తీశాడు.